డీటీపీ విద్య: బొమ్మనహళ్ళి బల్ల మీద తెలుగు పేజీ

ఒకే కంప్యూటర్ మీద మ్యాటర్ కొట్టి, బొమ్మలు అమర్చి, అచ్చుకో తెరకో సిద్ధమైన పేజీని తయారుచేసే పనిని డెస్క్‌టాప్ పబ్లిషింగ్ అంటారు. వాడుకలో అది డీటీపీ. పెళ్లిపత్రిక, బిల్లు పుస్తకం, కవితా సంపుటి, బడి వార్షిక సంచిక, దుకాణం బోర్డు, వాట్సాప్‌లో తిరిగే ఆహ్వానం అన్నీ ఈ బల్ల మీదే రూపుదిద్దుకుంటాయి. సాఫ్ట్‌వేర్ మెనూలు కొన్ని వారాల్లో చేతికి వస్తాయి. తెలుగు అక్షరం ఫైలులో ఎలా నిలుస్తుందో, పేజీలో ఎంత చోటు అడుగుతుందో తెలుసుకోవడానికి అంతకన్నా ఎక్కువ కాలం పడుతుంది. ఈ రెండోది తెలిసినవారికే మొదటిది పూర్తిగా ఉపయోగపడుతుంది. నాలుగైదు లిపులు ఒకే బల్ల మీదికి వచ్చే బెంగళూరు లాంటి నగరంలో ఈ తేడా త్వరగా బయటపడుతుంది.

బొమ్మనహళ్ళి నేపథ్యం

బెంగళూరు దక్షిణాన సిల్క్ బోర్డు కూడలి దాటగానే హోసూరు రోడ్డు మీద వచ్చే పేట బొమ్మనహళ్ళి. 2007లో బృహత్ బెంగళూరు మహానగర పాలికెలో కలిసేదాకా దానికి సొంత నగరసభ ఉండేది. 2025 ఆగస్టు 10న మొదలైన మెట్రో పసుపు మార్గంలో ఆ పేరుతో ఒక స్టేషన్ ఉంది. హైదరాబాదు నుంచి కర్నూలు, అనంతపురం మీదుగా బెంగళూరు చేరే 44వ నంబరు జాతీయ రహదారే నగరం దాటాక హోసూరు, కృష్ణగిరి వైపు సాగుతుంది. ఆ దారికి రెండు చివర్లా తెలుగు మాట్లాడే జనం ఉన్నారు. దుస్తుల కర్మాగారాల్లో, దుకాణాల్లో, ఎలక్ట్రానిక్ సిటీ కంపెనీల్లో పని వెతుక్కుంటూ వచ్చి ఈ చుట్టుపక్కల స్థిరపడిన తెలుగు కుటుంబాలు తక్కువేమీ కాదు.

అందువల్ల ఇక్కడి జిరాక్స్, డీటీపీ దుకాణానికి వచ్చే పని ఒక్క భాషలో ఉండదు. అమ్మాయి తరఫువారికి తెలుగు పత్రిక, అబ్బాయి తరఫువారికి కన్నడ పత్రిక, ఆఫీసు స్నేహితులకు ఇంగ్లీషు కార్డు కావాలి. మూడూ ఒకే డిజైనుతో ఉండాలి. దుకాణం బోర్డుకైతే చట్టం కూడా ఒక కొలత పెట్టింది. 2024లో కర్ణాటక ప్రభుత్వం చేసిన సవరణ ప్రకారం నామఫలకంలో 60 శాతం కన్నడ ఉండాలి. కాబట్టి బోర్డు గీసేవారు అందం కన్నా ముందు వైశాల్యం లెక్కచూసుకుంటారు. పై భాగం ఎంత, అక్షరం ఎత్తు ఎంత, మిగిలిన చోటులో ఇంగ్లీషు పేరు, ఫోన్ నంబరు ఎలా పడతాయి అన్నవి డిజైను మొదలుపెట్టేముందే తేలాలి. ఫ్లెక్సీల విషయంలోనూ ఇక్కడ జాగ్రత్త అవసరం. 2018లో హైకోర్టు ఆదేశాల తర్వాత నగరపాలిక వాటిని పెద్దఎత్తున తొలగించింది.

డీటీపీ పుట్టుక

ఈ విద్యకు 1985ను పుట్టిన ఏడుగా లెక్కిస్తారు. తెర మీద కనిపించిన పేజీ కాగితం మీద అలాగే దిగడానికి మూడు వస్తువులు ఆ ఏడాది కలిశాయి. మొదటిది ఆపిల్ మెకింతాష్. రెండోది అడోబీ వారి పోస్ట్‌స్క్రిప్ట్ భాష అర్థమయ్యే లేజర్‌రైటర్ ప్రింటరు. ఆ రోజుల్లో దాని ధర 6,995 డాలర్లు, అచ్చు నాణ్యత అంగుళానికి 300 చుక్కలు. మూడోది సియాటిల్‌లోని ఆల్డస్ సంస్థ విడుదల చేసిన పేజ్‌మేకర్. ఆల్డస్ స్థాపకుడు పాల్ బ్రైనర్డ్ ఈ పనికి డెస్క్‌టాప్ పబ్లిషింగ్ అని పేరుపెట్టాడు. సంస్థకు మాత్రం వెనిస్ నగరపు ముద్రాపకుడు ఆల్డస్ మనూషియస్ పేరు తీసుకున్నాడు. చేతిలో ఇమిడే చిన్న సైజు పుస్తకాలను 1501 నుంచి అచ్చువేసి చదువరులకు చేరువ చేసిన మనిషి అతను.

1986లో వెంచురా పబ్లిషర్, 1987లో క్వార్క్‌ఎక్స్‌ప్రెస్, 1989లో కోరెల్‌డ్రా, 1990లో ఫొటోషాప్ వచ్చాయి. 1994లో అడోబీ ఆల్డస్‌ను కలుపుకుంది. 1999లో ఇన్‌డిజైన్ విడుదలైంది. 2001 నాటి పేజ్‌మేకర్ 7 ఆ వరుసలో చివరిది. అయినా తెలుగు నేల మీద పేజ్‌మేకర్ వాడకం ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆగలేదు. దానికి కారణం ఫాంట్లలో ఉంది.

తెలుగు అక్షరం యంత్రంలోకి వచ్చిన దారి

అచ్చులో తెలుగు పుస్తకాలు మొదట కనిపించింది జర్మనీలోని హాలే నగరంలో. మిషనరీ బెంజమిన్ షుల్జ్ 1746 ప్రాంతంలో వాటిని తెచ్చాడు. మద్రాసులో 1816లో కాలేజీ ప్రెస్సు ఎ.డి. క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణాన్ని అచ్చువేసింది. సీసపు అక్షరాల కాలంలో తెలుగు కూర్పు ఓపికతో కూడిన పని. ఇంగ్లీషుకు వంద లోపు గళ్లు చాలేచోట తెలుగుకు గుణింతాలు, వత్తులు, సంయుక్తాలు కలిపి గళ్లు కొన్ని వందలు కావలసి వచ్చేవి.

కంప్యూటర్ వచ్చాక ఆ గళ్ల సమస్యే మరో రూపంలో ఎదురైంది. అప్పటి ఫాంటులో ఉండేవి 256 స్థానాలే. తెలుగు మొత్తం వాటిలో పట్టాలంటే అక్షరాన్ని ముక్కలు చేయక తప్పదు. తలకట్టు ఒక ముక్క, కొమ్ము ఒక ముక్క, వత్తు ఒక ముక్క. వాటిని పక్కపక్కనే పేర్చి కంటికి అక్షరంలా కనిపించేలా చేశారు. అను స్క్రిప్ట్ మేనేజర్, పుణెలోని మాడ్యులర్ ఇన్ఫోటెక్ వారి శ్రీలిపి ఈ పద్ధతిలోనే నడిచాయి. వాటి ఫాంట్లు అందంగా ఉండేవి, రకాలూ ఎక్కువ. పేజ్‌మేకర్‌తో చక్కగా కలిసిపోయేవి. వేల కొద్దీ తెలుగు పుస్తకాలు, పత్రికలు వాటితోనే వెలువడ్డాయి. లోటు ఒక్కటే: ఫైలులో ఉన్నది తెలుగు కాదు. ఫాంటు తీసేస్తే అక్కడ మిగిలేది అర్థంలేని ఇంగ్లీషు గుర్తుల వరస.

ప్రమాణాల కోసం జరిగిన పని మరో పాయ. ఐఐటీ కాన్పూరులో మొదలై పుణెలోని సి-డాక్‌లో పెరిగిన జిస్ట్ సాంకేతికత, 1991లో భారత ప్రమాణంగా వచ్చిన ఇస్కీ, అదే ఏడాది యూనికోడ్ మొదటి సంచిక భారతీయ లిపులకు ఒక్కో అక్షరానికి ఒక్కో స్థిరమైన సంఖ్య ఇచ్చాయి. యూనికోడ్‌లో తెలుగుకు 128 స్థానాల గడి ఉంది. దాని వెంటనే కన్నడ గడి మొదలవుతుంది. తెలుగు క సంఖ్యకు 128 కలిపితే కన్నడ క వస్తుంది. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు మీద రెండు భాషల్లోనూ క ఒకే మీట మీద ఉంటుంది. తెలుగులో వేళ్లు తిరిగినవారు కన్నడ మ్యాటర్ కూడా కొట్టగలగడం బొమ్మనహళ్ళిలో పెద్ద వెసులుబాటు. పలుకుబడి ప్రకారం టైపు చేసేవారికి శేషాద్రివాసు చంద్రశేఖరన్ రూపొందించిన బరహ ఉంది. 1998లో కన్నడ కోసం వచ్చిన ఆ సాఫ్ట్‌వేర్ తర్వాత తెలుగును కూడా చేర్చుకుంది.

తెలుగు కంప్యూటింగ్‌కు ప్రవాసులు చేసిన మేలు ఇక్కడ తలచుకోవలసిందే. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో చదివిన తెలుగు విద్యార్థులు ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతిని రూపొందించారు. ముక్కవిల్లి దంపతులు టెక్ కూర్పు వ్యవస్థకు తెలుగును జోడించారు. 1998 దీపావళికి ఈమాట జాల పత్రిక మొదలైంది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన అనే యూనికోడ్ ఫాంట్లను ఉచితంగా పంచారు. నాగార్జున వెన్న చేసిన పద్మ అనే ఉపకరణం, సొంత ఫాంట్లతో నడిచే దినపత్రికల సైట్లను యూనికోడ్‌లోకి మార్చి చూపించింది.

2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో వచ్చాక యూనికోడ్ తెలుగు మామూలు కంప్యూటర్‌కు చేరింది. సిలికానాంధ్ర చొరవతో తయారైన ఫాంట్లు తర్వాత గూగుల్ ఫాంట్లలో చేరాయి. మండలి, పెద్దన, తిమ్మన, ధూర్జటి, సూరన్న, గిడుగు, గురజాడ, సురవరం, రామభద్ర లాంటి పేర్లతో ఇవి ఉచితంగా దొరుకుతాయి. 2012లో ఇన్‌డిజైన్ సీఎస్6 తెలుగుతో కలిపి 10 భారతీయ భాషలకు చోటిచ్చింది. ఉచిత సాఫ్ట్‌వేర్ స్క్రైబస్ 2017 నాటి 1.5.3 నుంచి సంక్లిష్ట లిపులను సరిగ్గా కూర్చడం మొదలుపెట్టింది.

ఒక మాటను దగ్గరగా చూస్తే

లక్ష్మి అనే పేరు తీసుకుందాం. కంటికి కనిపించేవి రెండే అక్షరాలు: ల, దాని పక్కన వత్తుల దొంతరతో క్ష్మి. యూనికోడ్ ఫైలులో మాత్రం ఏడు సంఖ్యలుంటాయి: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. వీటిని చదివి, ఫాంటులోని నియమాల ప్రకారం గుడిని పైన, వత్తును కింద పెట్టే పని సాఫ్ట్‌వేర్‌ది. దీన్ని షేపింగ్ అంటారు. పేజ్‌మేకర్‌కు ఈ శక్తి లేదు. అందుకే ఫోన్‌లో టైపు చేసి పంపిన తెలుగు మ్యాటర్‌ను అందులో అతికిస్తే పనిచేయదు. ఇన్‌డిజైన్‌కు శక్తి ఉంది కానీ దాన్ని మేల్కొలపాలి. పేరాగ్రాఫ్ ప్యానెల్‌లో వరల్డ్-రెడీ కంపోజర్ ఎంచుకోకపోతే వత్తులు విడిపోయి పక్కన పడతాయి. సీఎస్6తో వచ్చిన ఇండిక్ ప్రిఫరెన్సెస్ అనే చిన్న స్క్రిప్టు ఈ అమరికను ఒకేసారి చేసిపెడుతుంది.

మరో ఉదాహరణ సాఫ్ట్‌వేర్ అనే మాటే. ట్ తర్వాత కనపడని ఒక విడదీత గుర్తు లేకపోతే వ కూడా ట లాగే ఫ కింద వత్తుగా చేరి సాఫ్ట్వేర్ అవుతుంది. ఈ గుర్తు పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. ఇంగ్లీషు పేర్లు, కంపెనీ పేర్లు ఎక్కువగా దొర్లే బెంగళూరు పనుల్లో దీని అవసరం రోజూ పడుతుంది. ఈ రెండు ఉదాహరణలు అర్థమైన విద్యార్థి, అక్షరం విరిగిన పేజీ చూడగానే తప్పు టైపింగ్‌లో ఉందా, ఫాంటులో ఉందా, సెట్టింగులో ఉందా అని వేరుచేసి చెప్పగలుగుతాడు.

తెలుగు పేజీకి కావలసిన చోటు

ఇంగ్లీషు కోసం చేసిన టెంప్లేట్‌లో తెలుగు పోస్తే పేజీ ఇరుకుగా కనిపించడం సహజం. తెలుగు అక్షరం పైకీ కిందికీ పెరుగుతుంది. పైన గుడి, ఏత్వం, కింద వత్తు, కొన్నిచోట్ల వత్తు కింద మరో వత్తు. 12 పాయింట్ల తెలుగుకు 14 పాయింట్ల లైను గ్యాప్ ఇస్తే పై వరస వత్తులు కింది వరస గుళ్లకు తగులుతాయి. 17, 18 పాయింట్లు ఇస్తే కన్ను తడుముకోకుండా సాగుతుంది. ఇదీ ఫాంటును బట్టి మారుతుంది గనుక పేజీలు పెట్టేముందు ఒక పేరా అచ్చుతీసి చూసుకోవాలి.

తెలుగు మాటలు సంధులతో, విభక్తులతో పొడుగవుతాయి. సన్నటి కాలమ్‌లో రెండు అంచులూ సమంగా లాగితే మాటల మధ్య తెల్లటి ఖాళీలు పడతాయి. వాటిని పూడ్చడానికి కొందరు అక్షరాల మధ్య దూరం పెంచుతారు. అప్పుడు అక్షరాలు ఒకదానికొకటి దూరమై మాట ఆకారమే చెదిరిపోతుంది. కాలమ్ కాస్త వెడల్పు చేయడం, మాటను అక్షరం చివర విరవడం, లేదా కుడి అంచును వదులుగా ఉంచడం మంచి మార్గాలు. విరిచేటప్పుడు వత్తు తన అక్షరాన్ని వదిలి కింది వరసలోకి జారకూడదు.

రెండు లిపులు పక్కపక్కన వచ్చే పెళ్లిపత్రికలో మరో మెళకువ ఉంది. బొమ్మనహళ్ళి నుంచి బేగూరు రోడ్డు పట్టుకుని వెళితే నాగేశ్వరాలయం వస్తుంది. అక్కడి వీరగల్లు మీద క్రీ.శ. 890 ప్రాంతపు హళెగన్నడ శాసనంలో బెంగళూరు పేరు ఉంది. తెలుగు, కన్నడ లిపులు ఒకే రూపంలో ఉన్న కాలానికి చెందిన రాత అది. ఆ చుట్టరికం ఇప్పటి ఫాంట్ల గుండ్రదనంలోనూ కనిపిస్తుంది. అయినా ఒకే పాయింట్ సైజులో వేరువేరు సంస్థల ఫాంట్లు పెడితే ఒక లిపి పెద్దగా, మరొకటి చిన్నగా తేలుతుంది. తలకట్టు లేని అక్షరాల ఎత్తు, గీత లావు పోల్చి, ఒకదాన్ని పాయింటో అరపాయింటో సవరించాలి. నోటో, అనేక్ లాంటి ఫాంటు కుటుంబాల్లో అనేక భారతీయ లిపులు ఒకే కొలతతో గీసి ఉండటం వల్ల ఈ శ్రమ చాలావరకు తగ్గుతుంది.

ఏ పనికి ఏ ఉపకరణం

పుస్తకం, పత్రిక, నివేదిక లాంటి పుటలెక్కువైన పనికి ఇన్‌డిజైన్ లేదా స్క్రైబస్ సరైనవి. మాస్టర్ పేజీలు, పేరాగ్రాఫ్ స్టయిళ్లు, విషయసూచిక, పుటసంఖ్యలు వాటిలోనే సులువు. పెళ్లిపత్రిక, విజిటింగ్ కార్డు, లేబులు, బోర్డు లాంటి ఒక్క పేజీ పనులకు మన దుకాణాల్లో కోరెల్‌డ్రాదే రాజ్యం. ఉచితంగా కావాలంటే ఇంక్‌స్కేప్ ఉంది. ఫొటోలు దిద్దడానికి ఫొటోషాప్ లేదా జింప్. సామాజిక మాధ్యమాల చిత్రాలకు 2013లో ఆస్ట్రేలియాలో మొదలైన కాన్వా త్వరగా పని ముగిస్తుంది. 2013 నుంచి అడోబీ కొత్త వెర్షన్లను చందా మీదే ఇస్తోంది. నేర్చుకునే దశలో దొంగ కాపీల జోలికి పోనక్కర్లేదు. స్క్రైబస్, ఇంక్‌స్కేప్, జింప్ త్రయంతో పేజీ కూర్పు సూత్రాలన్నీ వంటబట్టించుకోవచ్చు.

అచ్చుకు పంపే ఫైలు

తెర మీది రంగులు వెలుగుతో పుడతాయి, అచ్చులోవి సయాన్, మెజెంటా, పసుపు, నలుపు సిరాలతో. ఫైలు ఈ నాలుగు రంగుల్లోకి మారాలి. చదివే అక్షరం నలుపు ప్లేటు మీద మాత్రమే ఉండాలి. నాలుగు సిరాలూ కలిసిన నలుపు పెడితే, ప్లేటు వెంట్రుకవాసి కదిలినా సన్నటి తెలుగు వత్తుల చుట్టూ రంగు నీడలు తేలతాయి. ఫొటోలకు అంగుళానికి 300 పిక్సెళ్లు కావాలి. దూరం నుంచి చూసే పెద్ద బోర్డుకు అంతకన్నా చాలా తక్కువ సరిపోతుంది. అంచుదాకా రంగు ఉంటే కత్తిరింపు కోసం చుట్టూ 3 మిల్లీమీటర్ల అదనం వదలాలి.

తెలుగు పుస్తకాల్లో ఎక్కువగా కనిపించే డెమీ 1/8 సైజు దాదాపు ఐదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర అంగుళాల ఎత్తు. అచ్చు ఫారాల్లో నడుస్తుంది, ఫారానికి 16 పేజీలు. 128 పేజీల పుస్తకం 8 ఫారాలతో సరిగ్గా ముగుస్తుంది. 131 పేజీలు వచ్చాయంటే మూడు పేజీలు తగ్గించడమో, మిగతా చోటును నింపడమో డీటీపీ దశలోనే తేల్చాలి. సెంటర్ పిన్ వేసే చిన్న పుస్తకానికి పేజీల సంఖ్య 4తో భాగించబడాలి.

ప్రెస్సు వాళ్లు తరచు అడిగే మాట కర్వ్స్ చేసి పంపండి అన్నది. అక్షరాలను గీతలుగా మారిస్తే అవతలి కంప్యూటర్‌లో ఫాంటు లేకపోయినా అచ్చు పాడవదు. గీతలుగా మారాక అందులో అక్షరదోషం దిద్దడం మాత్రం కుదరదు. కాబట్టి ప్రూఫు దిద్దడం ముగిశాకే ఆ పని చేయాలి, అసలు ఫైలును వేరుగా దాచాలి. ఫాంట్లు పొదిగిన పీడీఎఫ్ ఇంకా మేలైన దారి. 1993లో అడోబీ తెచ్చిన పీడీఎఫ్ 2008లో అంతర్జాతీయ ప్రమాణమైంది. దానిలోని ఎక్స్ అనే రకం అచ్చు కోసమే నిర్దేశించినది.

తెర మీది పేజీ

ఫోన్‌లో చదివే పుస్తకానికి పుట కొలత ఉండదు. ఈపబ్ అనే ఈ-పుస్తకపు ఫైలులో అక్షరం పెద్దది చేస్తే వరసలు తామే సర్దుకుంటాయి. అందువల్ల అధ్యాయం పేరు, ఉపశీర్షిక, పేరా, పాదసూచిక అన్నిటికీ స్టయిళ్లు పెట్టి కూర్చిన ఫైలు మాత్రమే శుభ్రంగా ఈపబ్‌గా మారుతుంది. శీర్షికను చేత్తో పెద్దదిచేసి, ఎంటర్లు కొట్టి ఖాళీ వదిలిన ఫైలు తెర మీద చిందరవందరగా దిగుతుంది. స్టయిళ్ల అలవాటు మొదటివారంలోనే చేయించాలని మంచి శిక్షకులు పట్టుబట్టేది ఇందుకే.

అమెజాన్ 2016 డిసెంబరులో కిండిల్‌కు ఐదు భారతీయ భాషలు ప్రకటించినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఉన్నాయి. ఆ జాబితాలో తెలుగు, కన్నడ రెండూ లేవు. తెలుగు ఈ-పుస్తకాల కోసం కినిగె లాంటి సొంత వేదికలు నిలిచాయి. చూపులేని పాఠకుల సంగతి అంతకన్నా ముఖ్యమైనది. ఎన్‌వీడీఏ లాంటి తెర చదివే సాఫ్ట్‌వేర్ యూనికోడ్ తెలుగును గట్టిగా చదివి వినిపిస్తుంది. పాత ఫాంట్ల ఫైలును, అక్షరాలను గీతలుగా మార్చిన పీడీఎఫ్‌ను చదవలేదు.

నేర్చుకునే దారులు

ఐటీఐలలో డెస్క్‌టాప్ పబ్లిషింగ్ ఆపరేటర్ అనే ఏడాది ట్రేడు ఉంది. జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ వృత్తివిద్యల్లోనూ డీటీపీ ఒకటి. ముద్రణను లోతుగా చదవాలనుకుంటే బెంగళూరు ప్యాలెస్ రోడ్డులో, సికింద్రాబాదులో ప్రభుత్వ ముద్రణ సాంకేతిక సంస్థలున్నాయి. ఐఐటీ బొంబాయి స్పోకెన్ ట్యుటోరియల్ ప్రాజెక్టులో లిబ్రెఆఫీస్, జింప్, ఇంక్‌స్కేప్ పాఠాలు ఉచితంగా దొరుకుతాయి. ప్రైవేటు శిక్షణ కేంద్రంలో చేరేముందు రెండు ప్రశ్నలు అడగాలి. నేర్పేది ఏ వెర్షన్? యూనికోడ్ తెలుగుతో, కన్నడతో పేజీ పెట్టిస్తారా? పేజ్‌మేకర్, అను మాత్రమే నేర్పే చోట విద్యార్థికి సగం పనే తెలుస్తుంది. అలాగని వాటిని పూర్తిగా వదిలేయడమూ సరికాదు. పాత పుస్తకాల ఫైళ్లన్నీ ఆ రూపంలోనే ఉన్నాయి.

సాధనకు ఒక వరస బాగా పనిచేస్తుంది. మొదట ఇన్‌స్క్రిప్ట్ టైపింగ్, కష్టమైన సంయుక్తాలు, విడదీత గుర్తు. తర్వాత స్టయిళ్లతో 16 పేజీల చిన్న కథల పుస్తకం. ఆపైన తెలుగు, కన్నడ రెండూ ఉన్న పెళ్లిపత్రిక. చివరగా అదే కథల పుస్తకాన్ని ఈపబ్‌గా మార్చి ఫోన్‌లో చూసుకోవడం. ఈ నాలుగు పనులూ తన చేత్తో చేసిన నమూనాలుగా చూపించగలిగినవారిని ప్రెస్సులు, ప్రకటనల సంస్థలు, బడులు, ఐటీ కంపెనీల డాక్యుమెంటేషన్ విభాగాలు పనిలో పెట్టుకోవడానికి వీలుంటుంది. ఇంటి నుంచి పుస్తకాలకు పేజీలు పెట్టేవారికి రచయిత బొమ్మనహళ్ళిలో ఉన్నా, విజయవాడలో ఉన్నా, డాలస్‌లో ఉన్నా తేడా లేదు.

ఇప్పుడు ఎదురుచూస్తున్న పెద్ద పని మరొకటి ఉంది. 1990ల నుంచి అచ్చయిన తెలుగు కథలు, వ్యాసాలు, పరిశోధనలు ఎన్నో పాత ఫాంట్ల ఫైళ్లుగా ప్రచురణకర్తల సీడీల్లో, రచయితల హార్డ్ డిస్కుల్లో పడి ఉన్నాయి. మార్పిడి సాఫ్ట్‌వేర్‌తో వాటిని యూనికోడ్‌లోకి తెచ్చినా, వత్తులు తారుమారైన చోట్లు, పోయిన విడదీత గుర్తులు మనిషి కూర్చుని దిద్దాలి. రెండు పద్ధతులూ తెలిసి, తెలుగు బాగా చదవగలిగిన డీటీపీ పనివారు ఈ పనిని పుస్తకానికి ఇంత అని ఒప్పుకుని చేపట్టవచ్చు. అలా దిద్దిన ప్రతి కథా వెతికితే దొరుకుతుంది, ఫోన్‌లో తెరుచుకుంటుంది, రెండో ముద్రణకు వెళ్లేటప్పుడు మళ్లీ కొట్టాల్సిన అవసరం లేకుండా నేరుగా ఇన్‌డిజైన్‌లోకి వస్తుంది.